మూడు గడపలు, ఒక జత ఎద్దులు

ఈ పనిలోకి కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. రెండు గుక్కలు తాగినాక అందరూ ఒకే మాట అడుగుతారు. "అమ్మా, ఇల్లూ వాకిలీ లేనోళ్ళకు నీడ చూపించాలంటే మొదట ఏం చెయ్యాల?"

"రమ్మంటే ఎందుకు రాలేదో అడగాల" అంటాను.

వాళ్ళ మొగాలు చిన్నబోతాయి. ఇంత దూరం బస్సులో వచ్చినందుకు ముసలామె ఏదో గొప్ప మంత్రం చెబుతుందనుకొని ఉంటారు పాపం. నా దగ్గర మంత్రాల్లేవు. ఒక జత ఎద్దుల కథ ఉంది. అది మొదలుపెడితే చాలామంది నవ్వుతారు. ఒకరిద్దరు మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా వింటారు. ఆ ఒకరిద్దరి కోసమే ఇది రాస్తున్నా. నాకు ఏ హోదా ఎప్పుడిచ్చినారో, ఎన్ని ఫైళ్ళు కదిలించినానో మీకక్కర్లేదు. నిజం చెప్పాలంటే నాకే గుర్తు లేదు.

మేకల కొట్టంలో గుమాస్తా

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొని బయటికొచ్చినా. ఊరంతా పెండ్లిల్లు మాదిరి ఉండేది. గుడారాల్లో ఆఫీసులు, గుడారాల ముందర జీపులు, జీపుల చుట్టూ టీ అంగళ్ళు. కోస్తా జిల్లాల నుంచి గుమాస్తాలు ట్రంకుపెట్టెలు మోసుకొని దిగేవాళ్ళు. తల దాచుకోను జాగా ఉంటే కదా! మా వీధిలో ఒకాయన తన మేకలను బావమరిది ఇంటికి తోలేసి, మేకల కొట్టానికి సున్నం కొట్టించి, "గాలీ వెలుతురూ ఉండే గది" అని బాడుగకిచ్చినాడు. అందులో చేరిన గుమాస్తా ఎన్నిసార్లు తలంటుకున్నా మేక వాసన పోలేదు.

ఇది నవ్వుకునే సంగతి. ఏడ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆలూరు పక్క వానల్లేక చేలు ఎండిపోయి, సంసారాలకు సంసారాలే నెత్తిన మూటలతో ఊర్లోకి దిగినాయి. తుంగభద్ర ఒడ్డున, అంగళ్ళ అరుగుల మీద, బురుజు నీడన, ఎక్కడ చూసినా చాపలే. మామూలుగా అయితే ఎవరో ఒకరు ఒక పాత గది తెరిచి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పాత గదులన్నీ గుమాస్తాలవైపోయె. ఆకలికి గంజి దొరుకుతా ఉండె, ఒళ్ళు వాల్చను నీడ దొరకదు.

అప్పుడు ఊరి పెద్దలు కొందరు కలిసి వసతి సంఘం అని ఒకటి పెట్టినారు. ఆడవాళ్ళతో మాట్లాడను, బిడ్డలకు జ్వరమొస్తే చూడను ఒక ఆడమనిషి కావాలన్నారు. నన్ను పిలిచినారు. సంఘానికి పెద్ద పుల్లయ్య శెట్టిగారు. పత్తి వ్యాపారి. ఆయన తాత కట్టించిన సత్రం ఒకటి బండ్ల బాటలో ఉండేది. ఈయన ఎట్లాంటి మనిషంటే, అన్నం పెట్టేటప్పుడు నాలుగు తిట్లు తిట్టకపోతే ఆయనకే అరగదు. అట్లాంటి పెద్దల దగ్గర పని చెయ్యడం సులువమ్మా. తిట్టేది చెవిన వేసుకోకుండా, పెట్టేది చేత పుచ్చుకుంటే సరిపోతుంది. తియ్యగా మాట్లాడి ఏమీ చెయ్యని పెద్దల దగ్గర కూడా తర్వాత పనిచేసినా. దేవుడా, వాళ్ళకంటే శెట్టిగారి తిట్లే నయం.

మూడు దినాల కట్టుబాటు

నాకు చూపించిన గడపలు మూడు. శెట్టిగారి సత్రం. సాయిబుల సత్రం, మస్తాన్ సాబు చూసుకునే ముసాఫిర్‌ఖానా. ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉండే మా చర్చి బడి. మూడు చాలు కదా అనుకుంటిని. పోయి అడిగితే తెలిసింది సంగతి.

"సత్రం ఉండేది బాటసార్లకమ్మా" అన్నాడు శెట్టిగారు. "మూడు దినాలు. నాలుగో దినం పొయ్యి వెలగదు. మా తాత పెట్టిన కట్టుబాటు. నేను తీస్తే ఆయన కలలోకొచ్చి చెప్పుతో కొడతాడు."

మస్తాన్ సాబు తెల్లగడ్డం నిమురుకుంటా అదే పాట పాడినాడు. "ముసాఫిర్ అంటే మూడు దినాలు మెహమాన్ అమ్మా, చుట్టం. మా పెద్దలు చెప్పిండేది. తర్వాత ఉంటే మెహమాన్ అనరు, ఇంకేమో అంటారు."

మా చర్చి పెద్దలకు అసలు ఏ కట్టుబాటూ లేదు. కానీ వాళ్ళిద్దరికీ ఉందని తెలిసినాక, మాకు మాత్రం ఎందుకుండకూడదని మూడు దినాలే అన్నారు. పోటీ చూడండి!

నాకు మొదట ఒళ్ళు మండింది. కరువుకు వచ్చినోడికి నాలుగో దినం కరువు తీరిపోతుందా? కానీ గట్టిగా అడిగితే తలుపే మూసుకుంటారు. ఆలోచించి శెట్టిగారి దగ్గరికి పోయినా. "అయ్యా, మూడు దినాలుండి గడప దాటి పోయినోడు, ఇంకో చోట ఉండి మళ్ళీ మీ గడపకొస్తే వాడెవరు?" అని అడిగినా.

ఆయన ముక్కు గోక్కున్నాడు. "బాటసారే" అన్నాడు.

మస్తాన్ సాబు అయితే పకపకా నవ్వి, "అరె, ఊరు దాటకుండానే ముసాఫిర్లయిపోతారు మావాళ్ళు!" అన్నాడు.

అట్లా మొదలైంది. సత్రంలో మూడు దినాలు, ముసాఫిర్‌ఖానాలో మూడు దినాలు, బడిలో మూడు దినాలు, మళ్ళీ సత్రం. మారే దినం పొద్దున్నే అందరూ చాపలు చుట్టుకొని, కుండలు చంకన పెట్టుకొని వీధంట నడిచేవాళ్ళు. ముందర నేను. "సుగుణమ్మ జాతర పోతాండాది" అని అంగళ్ళోళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఎవరి తాత మాటా చెడలేదు, ఎవరూ బయట పడుకోలేదు. ఇచ్చేవాడికీ ఒక మర్యాద ఉంటుంది. దాన్ని కాపాడితే రెండోసారి కూడా ఇస్తాడు.

అన్నీ గెలిచినానని అనుకోవద్దు. సత్రంలో మాల మాదిగలను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. వంటింటి గడప దగ్గర నన్నూ ఆపేవాళ్ళు. ఎందుకో మీకు వేరే చెప్పాల్నా? వాళ్ళను మిగతా రెండు చోట్లే తిప్పినా. శెట్టిగారితో దాని మీద ఎన్నిసార్లు గొడవపడినానో. ఆ ఒక్క సంగతిలో ఆయన తిట్టకుండా లేచిపోయేవాడు. మంచివాళ్ళలో కూడా ఇట్లాంటి గోడలుంటాయి. మీకు ఎదురైతే ఆశ్చర్యపోవద్దు, అలవాటు కూడా పడొద్దు.

ఎద్దులు యాడ కట్టాల?

ఇంతమంది వచ్చినా ఒక్క సంసారం మాత్రం రాలేదు. ఏటి ఒడ్డున తుమ్మచెట్టు కింద ఈరన్న, ఆయన పెండ్లాం నరసమ్మ, చంకలో బిడ్డ. పక్కన రెండు ఎద్దులు. ఒకటి వయసుది. రెండోది కొంచెం ముదురుది, బసవడని పేరు. రెండింటికీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మూడుసార్లు పోయి పిలిచినా. మూడుసార్లూ ఈరన్న దండం పెట్టి, "వద్దులేక్కా, ఈడ బాగనే ఉండాది" అన్నాడు. తుమ్మచెట్టు నీడ ఎంత బాగుంటుందో మీకు తెలుసు కదా.

నాలుగోసారి పిలవలేదు. పక్కన కూచొని, "ఎందుకప్పా రావు?" అని అడిగినా.

"వస్తే ఎద్దులు యాడ కట్టాలక్కా?" అన్నాడు.

అంతే. అంతకు ముందు ఎవరూ అడగలేదు గాబట్టి ఆయన చెప్పలేదు.

నేను సంఘంలో ఆ మాట పెట్టినా. అందరూ మంచివాళ్ళే. అందరూ ఒకే మాటన్నారు. ఎద్దులను అమ్మేయమను. మనుషులకే దిక్కులేకుంటే ఎద్దులకు దిక్కెవరు? శెట్టిగారైతే, "సత్రంలో మంచాలకే జాగా లేదు, ఎద్దులకు పరుపులేయల్నా!" అని మేజా గుద్దినాడు. ఏడుగురు మంచివాళ్ళు ఒకే మాట మీద ఉంటే అప్పుడు మీరు గాబరా పడాల. ఎవరో ఒకరు అసలు మనిషిని అడగలేదని దానర్థం.

నేను ఏటి ఒడ్డుకు పోయి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పినా. నరసమ్మ నోరు మంచిది కాదు, కానీ ఆ పూట బిడ్డను ఒళ్ళోకి లాక్కొని మొగుడి వైపు చూసింది. ఈరన్న నేల చూస్తా అన్నాడు:

"అమ్మితే ఈ ఎండాకాలం గడిచిపోతాదక్కా. వాన పడినాక ఏమి చేసేది? ఇంకో జత కొనాలంటే నా జన్మ సాలదు. చేను బీడు పడతాది. అప్పుడు నేను రైతును కాదు, కూలోన్ని. కూలికి యాడుంటే ఏమి, ఈడనే ఉండిపోతాను. నీ సత్రంలోనే సచ్చేదాకా తిప్పుతావా నన్ను?"

ఆయనకు కావలసింది వాన పడేదాకా రెండు ఎద్దులు బతకడం. మేము ఇస్తామంటున్నది కప్పు. రెండింటికీ పొంతన యాడుంది?

ఆ పొద్దు ఒక ఒప్పందానికి వచ్చినాము. నరసమ్మా బిడ్డా మా జాతరలో కలిసినారు. ఈరన్న ఎద్దులతో ఒడ్డునే ఉండిపోయినాడు.

కుడితి గలాటా

నరసమ్మ సత్రానికి వచ్చిన మొదటి దినమే వంటింటి వెనక నుంచి కేకలు. నేను పరుగెత్తినా. వంటాయన చేతిలో పెద్ద డేగిసా. అందులో బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు. మోరీలో పొయ్యబోతా ఉన్నాడు. నరసమ్మ డేగిసా రెండో చెవి పట్టుకొని గుంజుతా ఉంది.

"కుడితి మోరీలో పోస్తావా? నీ కండ్లు పోతాయి లే! పసుల నోటి కాడ కూడు పారబోసేకి నీకు చేతులెట్లొచ్చె?"

వంటాయన బిత్తరపోయినాడు. ఊర్లో పుట్టి ఊర్లో పెరిగినోడు, ఆయనకవి మురికినీళ్ళు. గొడవ విని శెట్టిగారొచ్చినాడు. ఆమె ఆయన్నూ వదల్లేదు.

"ఏమి శెట్టీ, మీ తాత ఇంత సత్రం కట్టిండాడంట, ఒక కుడితి తొట్టి కట్టల్యా?"

"కట్టినాడే!" అన్నాడు శెట్టిగారు రోషంగా. "వెనక కొట్టం ముందర నల్లరాతి తొట్టి ఉంది. నువ్వు పుట్టకముందుది."

ఆ మాట అన్నాక ఆయనే నోరు తెరుచుకొని నిలబడిపోయినాడు. నేను, "కొట్టమా? ఏ కొట్టమయ్యా?" అన్నా.

అందరం వెనక్కి పోయినాము. పొడుగాటి కొట్టం. గోడ పొడవునా మేత వేసే గాడి, పలుపులు కట్టే గూటాలు, ఎద్దులు ఒరుసుకొని నున్నబడిన రాళ్ళు. శెట్టిగారి తాత కాలంలో బాటసారి అంటే బండి కట్టుకొని వచ్చేవాడే. మనిషికి మూడు దినాల అన్నం, ఎద్దుకు మూడు దినాల కుడితి. తర్వాత మోటారు బస్సులొచ్చినాయి, కొట్టం ఖాళీ అయింది. రాజధాని వచ్చినాక ఇంకేముంది, సున్నం కొట్టి బాడుగకిచ్చినారు. ఇప్పుడు అందులో ఉండేది సుబ్బారావు, గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తా. మేము పోయేటప్పటికి ఆయన ఆ నల్లరాతి తొట్టిలో కూచొని స్నానం చేస్తా ఉన్నాడు.

"అయ్యో, ఆడవాళ్ళు!" అని తువ్వాలు కోసం చెయ్యి చాపినాడు పాపం.

శెట్టిగారికి అవేవీ కనబడలేదు. గూటాల వైపే చూస్తా, "మా తాత బాటసారి అంటే మనిషొక్కడే అనుకోలేదమ్మా" అన్నాడు. "నేనే కట్టుబాటు సగం పట్టుకొని సగం వదిలేసినా."

ఆ సాయంత్రమే ఈరన్న ఎద్దులతో గడప దాటినాడు. ఇక సుబ్బారావు సంగతి. ఆయన్ను మాత్రం యాడికి పొమ్మంటాము? "ఎద్దుల పక్కన పడుకోమంటారాండీ?" అని అడిగినాడు దీనంగా.

"లేదు నాయనా" అన్నా. "మీరు పడుకున్న చోటే వాటిది. అవే సర్దుకుంటున్నాయి."

నడుమ తడిక కట్టినాము. మొదటి వారం ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. తర్వాత చూస్తే ఆఫీసు నుంచి రాగానే బసవడి గంగడోలు గోకుతా కూచున్నాడు. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి ఏదో ఒక ప్రాణి కావాల.

చెలమ నీళ్ళు

ఎద్దులు కూడా మూడు దినాలకొకసారి మారాల్నా? ఆ ప్రశ్న మస్తాన్ సాబే తీర్చినాడు. ముసాఫిర్‌ఖానా వెనక చక్రాల మీద నీళ్ళ పీపా ఒకటి పనికిరాకుండా పడి ఉండె. "మూడు చోట్లా నీళ్ళకు కటకట. ఈరన్న పీపా తోలితే ఎద్దులు మెహమాన్లు కావు, మనవాళ్ళు. మనవాళ్ళకు కట్టుబాటేముంది?" అన్నాడు.

ఎండాకాలం తుంగభద్రలో ఇసకే. ఈరన్న ఇసకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు పీపాకెత్తి మూడు గడపలకూ తోలేవాడు. మూడు వంటిళ్ళ కుడితీ ఎద్దులకు వచ్చేది. కాలువ కింద వరి పండించే మా చర్చివాళ్ళు బండెడు గడ్డి తెచ్చి బడి ముందర దించినారు. ముసాఫిర్‌ఖానాలో మాంసం వండిన దినం మాత్రం మాంసం నీళ్ళు తగలకుండా వాళ్ళ కుడితి వేరే కుండలో పెట్టాలని నరసమ్మ ఆర్డరు. మస్తాన్ సాబు, "మా బేగం మాట కూడా నేనింత విన్లేదు" అని గొణుగుతానే వేరే కుండ పెట్టించినాడు.

చూసినారా, ఈరన్న మా నుంచి తీసుకునేవాడు కాడు ఇంక. నాలుగో భాగస్తుడు. అన్నానికి కూచునేటప్పుడు ఆయన వీపు నిటారుగా ఉండేది. నేను ఎన్ని సంఘాలతో పనిచేసినా ఈ తేడా కంటితో చూస్తే తెలిసిపోతుంది.

బసవడు పడిపోయినాడు

రోహిణి కార్తె. రాళ్ళు పగిలే ఎండ. ఒక పొద్దు పీపా రాలేదు. కబురొచ్చింది, ఇసకలో బసవడు పడిపోయినాడని.

నేను పోయేసరికి కాడి విప్పేసి ఉంది. ఎద్దు పక్కకు ఒరిగి, నోట్లో నురగ. ఈరన్న దాని తల ఒళ్ళో పెట్టుకొని కూచున్నాడు. అంత పెద్ద మనిషి బిడ్డ మాదిరి ఏడుస్తా ఉన్నాడు. అప్పుడే తోలు బేరగాడొకడు రెండు మోకులతో దిగినాడు. రాబందుకు కబురు ఎవరు పెడతారో! "ఇంక లెయ్యదప్పా. ప్రాణం ఉండంగానే ఇచ్చేయ్. రెండోదాన్ని కూడా కలిపి తీసుకుంటా, ఒంటెద్దుతో ఏమి సేద్యం చేస్తావు?" అన్నాడు.

ఈరన్న తల ఎత్తి నా వైపు చూసినాడు. ఇచ్చేయమంటావా అక్కా అన్నట్టు. మనుషుల జ్వరాలు తెలిసినదాన్ని, ఎద్దు సంగతి నాకేం తెలుసు? ఆ ఎద్దు పోతే ఈ మనిషి పోయినట్టే అని మాత్రం తెలుసు.

అప్పుడు చూసినా, ఒడ్డు మీది నుంచి మనుషులు దిగుతా ఉన్నారు. మూడు గడపల్లో ఉండేవాళ్ళంతా. అందరూ నిన్నటిదాకా రైతులే. ఒకాయన వచ్చీరాగానే, "కాళ్ళు సల్లబడలేదు. లేస్తాది" అన్నాడు. గోనెపట్టాలు పొట్ట కిందికి దూర్చినారు. రెండు పక్కలా వెదురు బొంగులు కట్టినారు. ఎండకు ఇసక కాలతా ఉంది. శెట్టిగారు తెల్లపంచె ఎగ్గట్టి ఒక బొంగు కింద భుజం పెట్టినాడు. పక్కన ఇంకో బొంగు కింద, ఆయన సత్రంలోకి రానివ్వని మాదిగాయన. అవతల మస్తాన్ సాబు. సుబ్బారావు ఆఫీసు చొక్కాతోనే తోక పట్టుకున్నాడు.

"లెయ్ రా బసవా!" అని ఈరన్న అరిచినాడు.

ఒకసారి లేచి కూలింది. రెండోసారి మోకాళ్ళ మీద నిలబడి కూలింది. మూడోసారి నాలుగు కాళ్ళూ ఇసకలో పాతుకొని, వణుకుతా నిలబడింది. వదిలితే పడిపోతుందని ఎవరూ వదల్లేదు. అట్లే మోసినట్టు నడిపించుకుంటా కొట్టానికి తెచ్చినారు.

తోలు బేరగాడు ఇంకా నిలబడే ఉన్నాడు. శెట్టిగారు ఆయాసపడతా, "నువ్వు పో లే ఆడికి! నీ మోకుతో నిన్నే కట్టేస్తా!" అన్నాడు. నేను ఒక పక్కకు పోయి తనివితీరా ఏడ్చినా.

ఎద్దు కోలుకునేదాకా పొద్దునా సందకాడా బొంగులతో లేపి నిలబెట్టేవాళ్ళు. నరసమ్మ జొన్న అంబలి గొట్టంతో తాపేది. నీళ్ళు ఎవరికి వాళ్ళు కుండలతో మోసుకున్నారు, ఎవరూ గొణగలేదు. మృగశిర కార్తెలో మబ్బు పట్టింది. వాన పడింది. ఈరన్న మూడు గడపలకూ పోయి దండం పెట్టి, జత ఎద్దులను తోలుకొని ఆలూరు దారి పట్టినాడు. నరసమ్మ పోతా పోతా వంటాయనతో, "కుడితి పారబోస్తే మళ్ళా వస్తా!" అని బెదిరించింది.

మా జాతరలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే సర్దుకున్నారు. కొందరు కర్నూల్లోనే కూలికి ఉండిపోయినారు. అందరూ వెనక్కి పోలేదు.

చేను గట్టు

ఆ వానల్లోనే ఒక పని మీద ఆలూరు పక్కకు పోవలసి వచ్చింది. అడుగుతా అడుగుతా ఈరన్న చేను చేరుకున్నా. తడిసిన నల్లరేగడి. నా చెప్పుల కింద సేరు సేరు మట్టి. చేను నడుమ ఈరన్న గుంటక తోలుతా ఉన్నాడు. ముందర రెండు ఎద్దులు. బసవడి మెడ కాడి కింద వంగి, కదులుతా ఉంది.

"ఈరన్నా!" అని గట్టిగా పిలిచినా.

తల తిప్పినాడు. మొగమంతా నవ్వు. కర్నూల్లో నేను పిలిస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడూ వస్తాడనుకొని చెప్పులు దులుపుకుంటా నిలబడినా.

"అక్కా! నేల పదును ఆరిపోతాది. సందకాడ మాట్లాడదాం. ఆడ గట్టు మీద కూచో!" అని అరిచి, ఎద్దులను అదిలించి అటు తిరిగి పోయినాడు.

నరసమ్మ అవతలి పక్క నుంచి చెయ్యి ఊపి, మళ్ళీ వంగి తన పనిలో పడింది. నేను గట్టు మీద కూచున్నా. ఎండ నెత్తిన పడతా ఉంది, తాగను నీళ్ళు లేవు, ఎవరూ నన్ను పట్టించుకోలేదు. నా కొలువంతటిలో అంత సంతోషంగా నేనెప్పుడూ కూచోలేదు.